డయాక్సిన్ పరీక్షకు చిక్కని నైట్రోజన్ విషాలు: కాలుష్య నియంత్రణ మండళ్లకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్ల అధ్యక్షులకు, సభ్య కార్యదర్శులకు, ఈ రెండు రాష్ట్రాల్లో డయాక్సిన్ నమూనాలు పరీక్షించే ప్రయోగశాలల బాధ్యులకు,

నమస్కారం.

ప్రమాదకర వ్యర్థాలు కాల్చే ఇన్సినరేటర్ చిమ్నీలో, క్లోరిన్ ఉన్న సరుకు మండినప్పుడు పుట్టే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు కలిపి ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర కొలిచిన ఘనపు మీటరు వాయువుకు 0.1 నానోగ్రాము టీఈక్యూ (అత్యంత విషపూరిత డయాక్సిన్‌తో పోల్చి లెక్కగట్టిన విలువ) దాటకూడదన్నది నిబంధన. ఆ లెక్కలోకి వచ్చేవి 17 పదార్థాలు: 7 డయాక్సిన్లు, 10 ఫ్యూరాన్లు. డయాక్సిన్‌లా పనిచేసే పీసీబీలని (క్లోరిన్ ఎక్కిన బైఫినైల్స్) ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన 12 కూడా కలుపుకుంటే 29. ఈ 29లో ఒక్కదానిలోనూ నైట్రోజన్ లేదు. మన దగ్గర పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ప్రాంతాల్లో నడిచే మందుల ముడిసరుకు పరిశ్రమలో మాత్రం నైట్రోజన్ లేని బ్యాచ్ అరుదు. అనిలీన్లు, నైట్రో సమ్మేళనాలు, డైఫినైల్ అమీన్లు ఒక పక్క, క్లోరిన్, బ్రోమిన్ మరో పక్క. ఈ రెండూ కలిసిన చోట డయాక్సిన్ ఆకారమే ఉన్న నైట్రోజన్ పదార్థాలు పుట్టే దారులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని డయాక్సిన్ చేసే పనే చేస్తాయి.

మేం కోరేది ఒకటే. చిమ్నీ చివర వచ్చే ఒక్క అంకెతో సరిపెట్టుకోకుండా, రియాక్టర్‌లోకి ఏం వెళ్తోందో చూసి దాన్ని బట్టి కన్సెంటు (పరిశ్రమ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి) షరతులు రాయండి. ఎందుకో, ఎలాగో వివరంగా చెబుతాం.

ముందు ఆకారం. రెండు బెంజీన్ వలయాలను రెండు ఆక్సిజన్లు కలిపితే డయాక్సిన్. ఒక ఆక్సిజన్, నేరుగా ఒక బంధం కలిపితే ఫ్యూరాన్. ఫ్యూరాన్‌లో ఆక్సిజన్ తీసి దాని చోట ఎన్‌హెచ్ (హైడ్రోజన్ తగిలిన నైట్రోజన్) పెడితే అది కార్బజోల్. డయాక్సిన్‌లో రెండు ఆక్సిజన్ల చోటా ఎన్‌హెచ్ పెడితే డైహైడ్రోఫెనజీన్, ఒక్కదాని చోటే పెడితే ఫెనాక్సజీన్. మధ్య వలయం లేకుండా రెండు నైట్రోజన్లే ద్విబంధంతో వలయాలను కలిపితే అజోబెంజీన్. డయాక్సిన్ తన విషాన్ని చూపేది కణంలోని ఏహెచ్ రిసెప్టర్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని. దానికి కావలసింది ఆక్సిజన్ కాదు. సుమారు 3 ఆంగ్‌స్ట్రాముల వెడల్పు, 10 ఆంగ్‌స్ట్రాముల పొడవు ఉన్న చదునైన అణువు, దాని పక్క అంచుల మీద హాలోజన్లు ఉంటే చాలు. డయాక్సిన్లలోకెల్లా తీవ్రమైన 2,3,7,8-టీసీడీడీ అంత విషం కావడానికి కారణం ఆ నాలుగు క్లోరిన్లు సరిగ్గా ఆ అంచుల మీద ఉండటమే.

ఇక్కడ 3,4-డైక్లోరో అనిలీన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దీన్ని పరిశ్రమలో డీసీఏ అంటారు. దీని వలయం మీద క్లోరిన్లు ఉన్న చోటు ఎంత దురదృష్టకరమైనదంటే, రెండు డీసీఏ అణువులు ఏ పద్ధతిలో జతకట్టినా క్లోరిన్లు అంచుల మీదికే చేరగలవు. నైట్రోజన్-నైట్రోజన్ కలిస్తే 3,3′,4,4′-టెట్రాక్లోరో అజోబెంజీన్, అంటే టీసీఏబీ. ఒక అమీన్ ఊడిపోయి డైఫినైల్ అమీన్‌గా మారి, తర్వాత వలయం మూసుకుంటే, తక్కువ అడ్డు ఉన్న వైపు మూసుకున్న ప్రతిసారీ వచ్చేది 2,3,6,7-టెట్రాక్లోరో కార్బజోల్. ఫ్యూరాన్లలో 2,3,7,8 స్థానాలు ఏవో కార్బజోల్‌లో 2,3,6,7 అవే. పరీక్షించిన కార్బజోల్స్‌లో రిసెప్టర్‌ను గట్టిగా ప్రేరేపించిన వాటిలో ఇది ఒకటి.

టీసీఏబీ సంగతి ఊహ కాదు, దాని మీద యాభై ఏళ్ల సాక్ష్యం ఉంది. రిసెప్టర్‌ను పట్టుకునే శక్తి టీసీడీడీలో దాదాపు ఐదో వంతని 1976లోనే తేలింది. శరీరంలో అజో బంధం తెగిపోతుంది కాబట్టి టీసీడీడీలా ఏళ్ల తరబడి నిలవదు, అందుకే మొత్తం మీద దాని విషతీవ్రత చాలా తక్కువ. ఆ మాట దాచనక్కర్లేదు. అయినా అమెరికా జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రామ్ రెండేళ్లపాటు ఎలుకలకు, చుంచెలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూసి, 2010 నివేదికలో రెండింటిలోనూ, ఆడ మగ తేడా లేకుండా, క్యాన్సర్ కారకమనడానికి స్పష్టమైన ఆధారం ఉందని తేల్చింది. డీసీఏ నుంచి కలుపు మందులు చేసే కర్మాగారాల్లో 1970లలో కార్మికులకు క్లోరాక్నే (ఇలాంటి క్లోరిన్ విషాల వల్ల వచ్చే చర్మవ్యాధి) వచ్చింది. ఫ్యాక్టరీ వైద్యులు దీన్ని మామూలు మొటిమలనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. చూడాల్సిన చోట్లు కణతలు, కంటి పక్క చెంప ఎముక మీద, చెవుల వెనుక. నల్లటి తలలున్న సన్నటి కురుపులు గుంపుగా, మధ్యమధ్యలో గడ్డి రంగు తిత్తులు ఉంటాయి, ముక్కు మీద మాత్రం సాధారణంగా ఉండవు. ఒక బ్లాకులో ఇద్దరికి ఇవి కనిపిస్తే చర్మ వైద్యుడి కంటే ముందు ఆ బ్లాకు రియాక్టర్‌ను చూడాలి.

టీసీఏబీ ఎలా పుడుతుంది? 1,2-డైక్లోరోబెంజీన్‌ను నైట్రేషన్ చేస్తే ఎక్కువగా 3,4-డైక్లోరో నైట్రోబెంజీన్ వస్తుంది. దాన్ని ఆటోక్లేవ్‌లో ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్‌తో అమీన్‌గా మారుస్తారు. నైట్రో ఒక్క గంతులో అమీన్ కాదు. ముందు నైట్రోసో, తర్వాత హైడ్రాక్సిల్ అమీన్, ఆఖరున అమీన్. నైట్రోసో, హైడ్రాక్సిల్ అమీన్ ఒకే సమయంలో తగినంతగా పోగైతే అవి రెండూ కలిసి నీటిని వదిలి అజాక్సీబెంజీన్ అవుతాయి. అజాక్సీ ఆక్సిజన్‌ను కోల్పోతే అజో, అంటే టీసీఏబీ. అజోకి ఇంకా హైడ్రోజన్ అందితే హైడ్రాజోగా, చివరికి తిరిగి అమీన్‌గా మారుతుంది. అంటే ఇది తప్పించుకోలేని ఉపఉత్పత్తి కాదు. హైడ్రోజన్ ఆకలి తీరని బ్యాచ్ వదిలే గుర్తు.

ఆ ఆకలి ఎక్కడ మొదలవుతుందో ప్లాంటు వాళ్లందరికీ తెలుసు, చెప్పరంతే. ఉత్ప్రేరకాన్ని వడకట్టి మళ్లీ మళ్లీ వాడతారు. గంధకపు మలినాలతో దాని చురుకు తగ్గాక హైడ్రాక్సిల్ అమీన్ దశలోనే చర్య మందగిస్తుంది. స్టిరర్ బ్లేడు అరిగినా, మట్టం ఎక్కువ నింపినా వాయువు ద్రవంలోకి సరిగా కలవదు. గేజీ మీద పీడనం బాగానే ఉంటుంది, ద్రవంలో హైడ్రోజన్ ఉండదు. నైట్రేషన్ తర్వాత నైట్రోఫీనాల్స్ పోగొట్టడానికి సోడాతో కడిగి, ఆ క్షారాన్ని నీళ్లతో పూర్తిగా వదిలించకపోతే అది నేరుగా అజాక్సీ దారినే వేగవంతం చేస్తుంది. వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటి. హైడ్రోజన్ ఎక్కువైతే వలయం మీది క్లోరిన్ ఊడి దిగుబడి పడిపోతుందన్న భయంతో పీడనం తగ్గించి నడుపుతారు, మార్ఫోలిన్ లాంటి క్షారాలు కలుపుతారు. క్లోరిన్‌ను కాపాడే ఆ జాగ్రత్తే అజోను మిగులుస్తుంది. ఈ రెండింటి మధ్య దారి ఉంది. నైట్రోను ఒకేసారి పోయకుండా చర్య జరిగే వేగానికి తగ్గట్టు నెమ్మదిగా పంపాలి. హైడ్రాక్సిల్ అమీన్ పోగు పడకుండా వెనేడియం లవణం కొద్దిగా కలపాలి, ఇది 1990ల నుంచి ప్రచురణలో ఉన్న పద్ధతి. హైడ్రోజన్ పీల్చుకోవడం ఆగిందని అక్కడితో ఆపకుండా హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) అజో శిఖరం తగ్గేదాకా ఉంచాలి. హైడ్రాక్సిల్ అమీన్ పోగైన వేడి ద్రవం పేలుడు ప్రమాదం కూడా. అందుచేత ఈ మెట్టులో భద్రత, కాలుష్యం ఒకే పనితో చక్కబడతాయి.

బ్యాచ్ చెడిందని రంగే చెబుతుంది. అజో, అజాక్సీ మిగిలిన ద్రవం పసుపు నుంచి నారింజ వైపు తిరుగుతుంది. నమూనాను తెల్ల గాజు సీసాలో వెలుతురులో ఉంచకండి. కాంతికి ట్రాన్స్ రూపం కొంత సిస్‌గా మారి శిఖరం రెండుగా చీలుతుంది, ఫలితం తక్కువగా కనిపిస్తుంది. గోధుమరంగు సీసా, రెండు రూపాలకూ కలిపి లెక్క.

డీసీఏ మరుగు స్థానం 272 డిగ్రీల సెల్సియస్. వాక్యూమ్‌లో బట్టీ పట్టి తీస్తారు. టీసీఏబీ అంతకంటే బరువైనది కాబట్టి అడుగు తారులో మిగిలిపోతుంది. వాక్యూమ్ లీకై గాలి చొరబడితే వేడి అమీన్ ఆక్సీకరణ చెంది అక్కడికక్కడే మరికొంత పుడుతుంది. ఆ తారు డ్రమ్ములకెక్కి, పురుగుమందుల ప్రక్రియ అవశేషంగానో మందుల ప్రక్రియ అవశేషంగానో 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలు కింద ఒక వరుస నంబరు పొంది, దహనానికి పోతుంది. ఆ నంబరు చూసిన వాడికి లోపల ఏముందో తెలియదు.

డీసీఏ నుంచే డయూరాన్, లినురాన్, ప్రొపానిల్ అనే కలుపు మందులు తయారవుతాయి. 1970లలో అమెరికాలో పరీక్షించిన ప్రొపానిల్ నమూనాల్లో కిలోకు 1,000 మిల్లీగ్రాములకు పైగా టీసీఏబీ బయటపడింది, డయూరాన్, లినురాన్‌లలో పదుల్లోనో అంతకు లోపో ఉండేది. మన దేశంలో లినురాన్ 2018లో నిషేధంలోకి వెళ్లింది. డయూరాన్ 2020 మేలో కేంద్రం నిషేధించాలని ప్రతిపాదించిన 27 పురుగుమందుల ముసాయిదాలో చేరింది. డయూరాన్ అమ్ముడయ్యే చోట సాంకేతిక శ్రేణి సరుకు ప్రతి బ్యాచ్‌కూ టీసీఏబీ విశ్లేషణ పత్రం అడగడం కష్టమైన పనేం కాదు.

మట్టి కూడా ఈ పని చేస్తుంది. ప్రొపానిల్‌ను సూక్ష్మజీవులు డీసీఏగా విడగొడితే, మట్టిలోని పెరాక్సిడేజ్ ఎంజైములు ఆ డీసీఏను జతపరిచి టీసీఏబీ చేస్తాయని 1967లోనే బార్తా, ప్రామర్ చూపించారు. పొలంలో సిఫారసు మోతాదులో చల్లితే డీసీఏలో ఎక్కువ భాగం హ్యూమస్‌కు అతుక్కుపోతుంది, టీసీఏబీగా మారేది తక్కువ. గాఢత పెరిగే కొద్దీ ఈ మారే వాటా పెరుగుతుంది. కాబట్టి భయపడాల్సింది పత్తి చేను గురించి కాదు. డ్రమ్ములు కడిగే గచ్చు, గోడౌన్ వెనుక వాన నీరు నిలిచే పల్లం, మందు ఒలికిన రైలు సైడింగు గురించి. మట్టి నమూనాలు తీసేవాళ్లు ముందు అక్కడికి వెళ్లాలి.

మందుల పరిశ్రమకు ఇందులో ఏం పాత్ర అనుకోవచ్చు. నార్‌ఫ్లాక్సాసిన్‌కూ, జెఫిటినిబ్, అఫాటినిబ్ లాంటి క్యాన్సర్ మందులకూ మొదటి ముడిసరుకుల్లో ఒకటి 3-క్లోరో-4-ఫ్లోరో అనిలీన్. హాలోజన్లు మళ్లీ అదే 3, 4 స్థానాల్లోనే. దాన్నీ నైట్రో నుంచే హైడ్రోజన్‌తో చేస్తారు. పైన చెప్పిన నైట్రోసో, హైడ్రాక్సిల్ అమీన్ కథ అక్షరం మారకుండా వర్తిస్తుంది. ఈ అనిలీన్ తయారుచేసే, వాడే ప్రతి యూనిట్‌లోనూ అడుగు తారును, స్ఫటికాలు తీశాక మిగిలే తల్లి ద్రావణాన్ని అజో, అజాక్సీ రూపాల కోసం పరీక్షించాలి.

ఇక కార్బజోల్స్. ఇవి మూడు దారుల్లో పుడతాయి, మూడింటి ఫలితమూ ఒకటి కాదు.

మొదటిది నీళ్లలో క్లోరిన్. కార్బజోల్ బొగ్గు తారులో ఉంటుంది, వయొలెట్ 23 రంగుకు ముడిసరుకు దాని ఇథైల్ రూపమే. ఇది ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉన్న వలయం కాబట్టి వ్యర్థజల శుద్ధి ప్లాంటు (ఈటీపీ)లో హైపో (సోడియం హైపోక్లోరైట్) పోయగానే క్లోరిన్ తగులుతుంది. ముందు 3, 6 స్థానాలు, తర్వాత 1, 8. అంచుల మీద నాలుగూ నిండవు కాబట్టి ఈ దారిలో పుట్టేవి 2,3,6,7 రూపమంత తీవ్రం కాదు. కానీ ఇవి ప్రకృతిలో త్వరగా విరిగిపోవు. 1,3,6,8-టెట్రాబ్రోమో కార్బజోల్‌తో సహా బ్రోమిన్ ఉన్న కార్బజోల్స్‌ను మిషిగన్ సరస్సు అడుగు బురదలో గుర్తించినట్టు 2005లో ప్రచురించారు. నీళ్లలో బ్రోమైడ్ ఉంటే హైపో దాన్ని హైపోబ్రోమస్ ఆమ్లంగా మారుస్తుంది, అది వలయాన్ని క్లోరిన్ కంటే చాలా వేగంగా పట్టుకుంటుంది. బ్రోమినేషన్ బ్యాచ్‌ల తర్వాత మిగిలే సోడియం బ్రోమైడ్ నీళ్లు, అనిలీన్ కడుగులు ఒకే ఈక్వలైజేషన్ ట్యాంకులో కలిపి, అమ్మోనియా తగ్గించడానికి హైపో పోయడం అందుకే ప్రమాదకరం. అమ్మోనియా-నైట్రోజన్ బరువుకు 7.6 రెట్లు క్లోరిన్ పడ్డాక, అంటే బ్రేక్‌పాయింట్ దాటాక, మిగిలే స్వేచ్ఛా క్లోరిన్ అంతా సేంద్రియ పదార్థాల మీదికే పోతుంది. ఆన్‌లైన్ కొలత లేని చోట ఆపరేటర్ రంగు పోయేదాకా పోస్తూనే ఉంటాడు. అమ్మోనియాను స్టీమ్ స్ట్రిప్పర్‌లో తీయండి, బ్రోమైడ్ ప్రవాహాన్ని విడిగా ఆవిరి చేయండి, ఏరోబిక్ శుద్ధికి ముందు హైపో వాడకాన్ని కన్సెంటులోనే నిషేధించండి.

రెండోది ఎండ. దీనికి మన దగ్గర అందరికీ తెలిసిన మందే ఉదాహరణ: డైక్లోఫెనాక్. ఇది క్లోరిన్లున్న డైఫినైల్ అమీన్. ఎండ తగిలిన నీళ్లలో ఒక హైడ్రోక్లోరిక్ ఆమ్ల అణువును వదిలి వలయం మూసుకుని 8-క్లోరో కార్బజోల్-1-ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. స్విట్జర్లాండ్‌లోని గ్రైఫెన్సే సరస్సులో డైక్లోఫెనాక్ ఎండకు త్వరగా విరిగిపోతుందని 1998లో ప్రచురించారు. ఈ ఒక్క పదార్థం డయాక్సిన్‌లా పనిచేయదు, దాని అంచుల మీద క్లోరిన్లు లేవు. కానీ డైఫినైల్ అమీన్‌ను కార్బజోల్‌గా మూయడానికి కొలిమి అక్కర్లేదు, ఎండ చాలు అనడానికి ఇంతకంటే తేటగా ఏదీ చెప్పదు. డీసీఏ నుంచి వచ్చిన టెట్రాక్లోరో డైఫినైల్ అమీన్ ఉన్న నీళ్లను సోలార్ పాన్‌లలో ఆరబెట్టడం ఏ రకంగానూ సమర్థించలేనిది.

మూడోది మంట, మా ఆందోళనంతా దీని గురించే. క్లోరో అనిలీన్ వేడికి ఎన్‌హెచ్ దగ్గరి హైడ్రోజన్‌ను కోల్పోయి అనిలినో రాడికల్ అవుతుంది. రెండు అనిలినో రాడికల్స్ కలిస్తే ఆర్థో స్థానంలో క్లోరిన్ ఉన్నదాన్ని బట్టి డైహైడ్రోఫెనజీన్ వైపు, లేదా అమీన్ పోయి కార్బజోల్ వైపు పోతాయి. అదే గదిలో క్లోరోఫీనాల్ కూడా ఉంటే ఒక వైపు ఆక్సిజన్, ఒక వైపు నైట్రోజన్ ఉన్న ఫెనాక్సజీన్లు. 2,4,5-ట్రైక్లోరోఫీనాల్ జతకడితే 2,3,7,8-టీసీడీడీ వస్తుందని ఇటలీలోని సెవెసో దగ్గర జరిగిన రసాయన కర్మాగార ప్రమాదం 1976లో ప్రపంచానికి నేర్పింది. 2,4,5-ట్రైక్లోరో అనిలీన్‌ను అదే పద్ధతిలో జతచేసి కాగితం మీద గీసి చూడండి, అంచుల మీద అవే నాలుగు క్లోరిన్లున్న ఫెనజీన్ వస్తుంది.

ఇన్సినరేటర్‌లో పొగ మళ్లీ మండే సెకండరీ చాంబర్ 1,100 డిగ్రీల్లో, రెండు సెకన్ల నిలువ కాలంతో నిజంగా నడిస్తే ఇవన్నీ విరిగిపోతాయి. నడవని సందర్భాలు ఎప్పుడూ అవే. చల్లగా ఉన్న కొలిమిని రాజేస్తూనే క్లోరిన్ వ్యర్థం వేయడం. తారు డ్రమ్మును మూతతో సహా ఒకేసారి తోయడం: లోపలిదంతా ఒక్కసారి ఆవిరై ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్ ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు దాటి ఎగురుతుంది. నైట్రోజన్ వ్యర్థాలకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 400 మిల్లీగ్రాములు దాటుతుందేమోనని గాలి తగ్గించడం: పరిమితి నిలబడుతుంది, అనిలినో రాడికల్స్ మిగిలిపోతాయి. బెంజీన్ వలయాలను జతచేసే ఉల్‌మాన్ చర్యల్లో వాడిన రాగి ఉత్ప్రేరకపు వ్యర్థాన్ని క్లోరో అనిలీన్ తారుతో కలిపి బ్లెండ్ చేయడం: రాగి క్లోరైడ్ బూడిద మీద చేరి 450 నుంచి 200 డిగ్రీల మధ్య వలయాలు మూయడానికీ, క్లోరిన్ ఎక్కించడానికీ తోడ్పడుతుంది. వేస్ట్ హీట్ బాయిలర్‌లో వాయువు ఆ మధ్యలో నిదానంగా చల్లారితే పని పూర్తయినట్టే. వేగంగా చల్లార్చే క్వెంచ్, దాని తర్వాత యాక్టివేటెడ్ కార్బన్, బ్యాగ్ ఫిల్టర్ తప్పనిసరి. సిమెంటు కొలిమికి పంపితే ముఖ్య బర్నర్ దగ్గరే వేయాలి. ముడి పిండితో కలిపి ప్రీహీటర్ పైనుంచి వేస్తే మంట చేరకముందే ఆవిరై చిమ్నీకి పోతుంది. మీ తనిఖీ బృందం చిమ్నీ నమూనా తీసే రోజు కొలిమి నిలకడగా, మంచి సరుకుతో నడుస్తుంది. రాజేసే గంటల్లో కూడా నమూనా తీయండి.

ప్రయోగశాల సంగతి. నివేదికలో ఇవి కనిపించకపోవడానికి కారణం అవి లేకపోవడం కాదు. డయాక్సిన్ సారాన్ని గంధకామ్లం పట్టించిన సిలికా స్తంభం గుండా పంపుతారు, ఎన్‌హెచ్ ఉన్న పదార్థాలు అక్కడ దెబ్బతింటాయి. దాటి వచ్చినా స్పెక్ట్రోమీటర్ వాటి వైపు చూడదు. టెట్రాక్లోరో ఫ్యూరాన్ ద్రవ్యరాశి 303.90, టెట్రాక్లోరో కార్బజోల్‌ది 302.92. ఒకే నైట్రోజన్ ఉంటే బేసి సంఖ్య పడుతుంది, కొలత సరి సంఖ్యల మీదే పెట్టి ఉంటుంది. టీసీఏబీ ఇంకా చిక్కు: దాని రెండో ఐసోటోప్ శిఖరం 319.93, టీసీడీడీది 319.90. వీటిని విడదీయడానికి 11,000 రిజల్యూషన్ కావాలి. యంత్రం నుంచి బయటికి వచ్చే సమయం టీసీడీడీ సమయంతో కలవదు కాబట్టి ఆ శిఖరాన్ని అన్యపదార్థమని కొట్టేస్తారు. సాంకేతికంగా అది సరైన నిర్ణయమే, సమాచారం మాత్రం చెత్తబుట్టలోకి పోయినట్టే.

దీనికి కొత్త చిమ్నీ నమూనా అక్కర్లేదు. చిమ్నీ నమూనాను పట్టి ఉంచే ఎక్స్‌ఏడీ-2 రెసిన్ నుంచి టోలుయీన్‌తో తీసిన సారంలో పదో వంతును గంధకామ్లం తగలకముందే పక్కన పెట్టించండి. దాన్ని ఫ్లోరిసిల్ మీద హెక్సేన్‌తో కడిగి, తర్వాత హెక్సేన్, డైక్లోరోమీథేన్ సగం సగం కలిపి దించితే కార్బజోల్స్ రెండో భాగంలో వస్తాయి. 302.92, 317.93 అయాన్లను, వాటి ఐసోటోప్ జంటలను కొలత జాబితాలో చేర్చితే చాలు. ముందుగా చేసే ప్రాథమిక పరీక్షగా ఏహెచ్ రిసెప్టర్ మీద పనిచేసే కాలక్స్ కణ పరీక్షను వాడవచ్చు. ఆమ్లం పట్టించని సారంలో పీఏహెచ్‌లు (మసిలో ఉండే బహువలయ హైడ్రోకార్బన్లు) కూడా స్పందిస్తాయి కాబట్టి 6 గంటల దగ్గర ఒకసారి, 24 గంటల దగ్గర ఒకసారి చదవాలి. పీఏహెచ్‌లను కణాలు ఈ లోపు అరగదీస్తాయి, 24 గంటల తర్వాతా నిలిచే స్పందనే పట్టించుకోవాల్సింది.

విరగకుండా నిలిచే సేంద్రియ విషాలపై అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం అనుబంధం సీలో ఇవి లేవు, కేంద్రం చెప్పనిదే మేమేం చేయగలమని మీరు అనవచ్చు. కన్సెంటు షరతులు రాసే అధికారం మీదే. మొదటి అడుగుగా, హాలోజన్ ఉన్న అనిలీన్లు, డైఫినైల్ అమీన్లు, కార్బజోల్స్ ఏడాదికి ఒక టన్నుకు మించి తయారుచేసే లేదా వాడే యూనిట్ల జాబితాను మీ దగ్గరున్న సీఎఫ్‌వో (నడిపే అనుమతి) దరఖాస్తుల నుంచే తీయండి. ఆ యూనిట్ల అడుగు తారు డ్రమ్ముల మీద షెడ్యూలు నంబరుతో పాటు ముడిసరుకు పేరు కూడా రాయించండి, టీఎస్‌డీఎఫ్ (ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, నిల్వ, పారవేత కేంద్రం) బ్లెండింగ్ షెడ్డులో రాగి వ్యర్థాలకు అవి దూరంగా ఉండేలా చూడండి. పక్కన పెట్టిన ఆ పదో వంతు సారాల ఫలితాలను ఏడాదికోసారి మీ వెబ్‌సైట్లలో పెట్టండి. విశ్లేషణ పద్ధతి రాసివ్వడానికి, సిబ్బందికి నేర్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం, దానికి రుసుమేమీ అక్కర్లేదు.

ఇట్లు,
రసాయన ప్రక్రియలు, వ్యర్థాల దహనం, అవశేషాల విశ్లేషణ రంగాల్లో పనిచేస్తున్న మేము